ఆదన్ కుండ, అమ్మ చెంబు

అరచేతిలో పట్టేంత కుండపెంకు అది. లోపలివైపు నల్లగా, బయటివైపు ఎర్రగా ఉంది. ఎరుపు మీద ఎవరో పదునైన మొనతో మూడు అక్షరాలు గీశారు. ఒక అక్షరం పెద్దదైతే ఇంకొకటి కాస్త వంకర. కింద చీటీ మీద తమిళంలో ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివాను: ఆదన్. మనిషి పేరు. కుండ తనదని చెప్పుకోవడానికి గీసుకున్న పేరు.

నాన్న మ్యూజియం అద్దానికి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చూశారు. "అమ్మాయ్, మీ అమ్మ చెంబు మీద కూడా ఇలాగే ఉంటుంది కదే" అన్నారు.

నిజమే. పెళ్ళికి అమ్మమ్మ పెట్టిన స్టీలు చెంబు మీద అంచు కింద చిన్న చిన్న చుక్కలతో అమ్మ పేరు, పెళ్ళి తేదీ కొట్టించి ఉంటాయి. మన ఇళ్ళలో సామాను కొంటే పేరు కొట్టించకుండా తెచ్చుకునేవాళ్ళు కాదు. శుభకార్యాలకి వీధంతా గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు ఎవరివి వాళ్ళకి చేరాలిగా. ఆదన్ కూడా అందుకే గీసుకుని ఉంటాడు. మదురైకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, వైగై ఒడ్డున, ఇరవై శతాబ్దాల కంటే ముందు.

ఈ వ్యాసం ఆ పెంకు గురించి, అది ఉన్న చోటు గురించి. ఆ చోటు కీళడి. శివగంగ జిల్లాలో, మదురై నుంచి రామేశ్వరం వెళ్ళే దారిలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఊరు. 2023 మార్చి 5న ముఖ్యమంత్రి స్టాలిన్ అక్కడ ఒక మ్యూజియం ప్రారంభించారు. మా అత్తగారి వైపు వాళ్ళు తరతరాలుగా మదురైలో ఉన్న తెలుగువాళ్ళు. ఆ మధ్య అక్కడ పెళ్ళికి వెళ్ళినప్పుడు, రేపల్లె దగ్గర నుంచి వచ్చిన నాన్నని, మదురైలోనే పుట్టిపెరిగిన మామగారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. నాన్న ముప్పై ఏళ్ళు సోషల్ మాస్టారుగా పనిచేశారు.

కారెక్కగానే వాదన మొదలైంది. "కీళడి కాలం క్రీస్తు పూర్వం 580 అని ల్యాబ్‌లోనే తేలింది బావగారూ, ఇంకా ఏం మాట్లాడతారు?" అని మామగారు. "మా భట్టిప్రోలు అక్షరాల సంగతి మీకు తెలీదు బావగారూ" అని నాన్న. భట్టిప్రోలు మా వైపు ఊరే, పాత బౌద్ధ స్తూపం ఉన్న చోటు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడేది తెలుగే. అయినా ఒకరు వైగై వైపు, ఇంకొకరు కృష్ణ వైపు. అదే సమయానికి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరో "ప్రపంచంలో అన్నిటికంటే ప్రాచీన భాష ఏది" అని ఒక ఫార్వర్డ్ పెట్టారు. దాని కింద నలభై మెసేజీలు. 2004లో తమిళానికి ప్రాచీన హోదా వచ్చినప్పటి నుంచి, 2008లో తెలుగుకీ కన్నడానికీ వచ్చాక కూడా, మనం ఈ పందెం ఆపలేదు. ఎవరు ముందు, ఎన్నేళ్ళు ముందు.

కీళడి చూసి వచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే. ఈ పందెంలో పడి మనం అసలు చూడాల్సింది చూడటం లేదు. కీళడి దగ్గర మనం అసూయపడాల్సింది దాని వయసుకి కాదు. తవ్విన గుంటకీ అద్దాల పెట్టెకీ మధ్య దూరం నడిచి వెళ్ళేంతే ఉండటానికి. ఆ పెట్టె ముందు నిలబడ్డ ఊరి ముసలమ్మ చీటీలో ఉన్నది తన భాషలోనే చదివించుకుని వినగలగటానికి.

ముందు ఆ 580 సంగతి చెప్పాలి, ఎందుకంటే దాన్ని తీసిపారేయాలని నా ఉద్దేశం కాదు. కీళడిలో పళ్ళిచందై తిడల్ అనే మెరక ఉంది, సుమారు 110 ఎకరాలు. 1970ల్లో అక్కడ బావి తవ్వుతుంటే బయటపడ్డ పాత ముక్కల్ని పిల్లలు బడికి పట్టుకొచ్చి చరిత్ర మాస్టారికి చూపించారట. ఆయన వాటిని పారేయకుండా ప్రభుత్వానికి తెలియజేశారు. (ఈ మాట చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది.) కానీ అసలు తవ్వకాలు మొదలవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 2014-15లో కేంద్ర పురావస్తు శాఖ తరఫున అమర్‌నాథ్ రామకృష్ణ మొదలుపెట్టారు. రెండు విడతలయ్యాక, 2017లో ఆయన్ని అస్సాంకి బదిలీ చేశారు. మూడో విడత ఇంకొకరి చేతుల్లో నడిచింది, పెద్దగా ఏమీ దొరకలేదన్నారు. నాలుగో విడత నుంచి తమిళనాడు రాష్ట్ర పురావస్తు శాఖే తవ్వుతోంది. 2019లో వాళ్ళు వేసిన రిపోర్టులో, 353 సెంటీమీటర్ల లోతులో దొరికిన ఒక నమూనాని అమెరికా ల్యాబ్‌లో పరీక్షిస్తే క్రీ.పూ. 580 అని వచ్చిందని రాశారు. ఆ కాలానికీ, అక్షరాలున్న పెంకులు దొరికిన పొరకీ లెక్క సరిగ్గా కుదురుతుందా అని పండితుల మధ్య చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. అమర్‌నాథ్ తన రెండు విడతల మీద 982 పేజీల రిపోర్టు 2023లో ఇచ్చారు. దాన్ని సవరించమని 2025లో కేంద్ర శాఖ వెనక్కి పంపింది. ఆయన తన నిర్ధారణల మీదే నిలబడ్డారు.

ఇదంతా ముఖ్యమే. తేదీని రుజువులతో తేల్చాలి, ఢిల్లీ అయినా చెన్నై అయినా ముందే అనుకున్న తేదీని రుద్దకూడదు. కానీ ఒక్క మాట. రేపు ఎవరో ఆ 580ని 300 అని తేల్చారనుకోండి. ఆదన్ పేరు చెరిగిపోతుందా? 800 అని తేలిస్తే ఆ అక్షరం వంకర సరవుతుందా?

మ్యూజియంలోకి వెళ్దాం. చెట్టినాడు ఇళ్ళ తరహాలో కట్టారు. వాలు పెంకులు, నున్నటి స్తంభాలు, మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ. మన వైపు మండువా లోగిలి చూసినవాళ్ళకి కొత్తేమీ అనిపించదు. పద్దెనిమిది కోట్ల పైచిలుకు ఖర్చయిందట. లోపల రాజుల కిరీటాలు లేవు, నిలువెత్తు విగ్రహాలు లేవు. ఉన్నవన్నీ ఇంట్లో, వీధిలో, చేలో వాడుకునేవి. నూలు వడికే కదురుకి కింద బరువుగా తగిలించే మట్టి బిళ్ళలు. ఎముకని చెక్కి చేసిన మొనలు. ఎర్రటి కార్నీలియన్ రాతి పూసలు. పాచికలు. బంగారు నగల చిన్న చిన్న తునకలు. ఎద్దులవీ గేదెలవీ మేకలవీ ఎముకలు. రోమన్ దేశాలతో సరుకు మారిందని చెప్పే కుండముక్కలు.

వాటిలో గుండ్రంగా అరగదీసిన పెంకు బిళ్ళల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పగిలిన కుండలో ముక్క తీసుకుని, అంచులు రాయి మీద రుద్ది, గుండ్రంగా చేసి ఆడుకున్న బిళ్ళలు. తొక్కుడుబిళ్ళ! చిన్నప్పుడు మా ఇంటి వెనక గచ్చు మీద గంటలు గంటలు రుద్ది నేను చేసుకున్న బిళ్ళకీ దీనికీ తేడా చెప్పమంటే చెప్పలేను. చేతికి సరిగ్గా అమరాలి, విసిరితే గడిలో ఆగాలి, కాలి బొటనవేలితో తోస్తే జారాలి. మరీ పల్చనైతే ఎగిరిపోతుంది, మరీ మందమైతే జారదు. ఆ మందం ఎంతో ఈ బిళ్ళ చేసిన పిల్లకి తెలుసు. నాకూ తెలుసు. అద్దం లేకపోతే చేతిలోకి తీసుకునేదాన్నే.

తర్వాత బావి. మట్టితో చేసి కాల్చిన పెద్ద పెద్ద చక్రాల్లాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చి దింపిన బావి. మామగారు చీటీ చదివి "ఉరై కిణరు" అన్నారు. నాన్న వెంటనే "అంటే ఒరల బావి బావగారూ! మా వైపు ఇసక నేలల్లో ఇప్పటికీ ఒరలే దింపుతాం, కాకపోతే సిమెంటువి" అన్నారు. ఒర, ఉరై. కత్తి ఒరకీ ఇదే మాట, రెండు భాషల్లోనూ. పొద్దున కారులో పోట్లాడుకున్న ఇద్దరూ ఆ బావి ముందు నిలబడి, ఒరలు దింపేటప్పుడు లోపల మనిషి ఎలా కూర్చుని మట్టి తోడతాడో, ఊట పడ్డాక పక్కల ఏం నింపుతారో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ పావుగంట గడిపారు. 580 మాట మళ్ళీ రాలేదు.

ఇలాంటి ఒరల బావులు మనకీ దొరికాయి. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో, శాతవాహనుల కాలం నాటివి. వేల కొద్దీ నాణాలూ దొరికాయి. ఆ సంగతి ఎందరికి తెలుసో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆదన్ పెంకు దగ్గరికి మళ్ళీ వస్తాను. కీళడి పెంకుల మీద రాతలన్నీ ఒకే చేతివి కావు. ఒక్కో పెంకు మీద ఒక్కో తీరు. "కువిరన్ ఆదన్" అని ఇంకో పేరు కూడా ఉంది. నాలుగో విడతలోనే తమిళ బ్రాహ్మీ (తమిళం రాయడానికి వాడిన పాత లిపి) అక్షరాలున్న పెంకులు 56 దొరికాయి. రాజశాసనాన్ని రాజు చెప్తే లేఖకుడు చెక్కుతాడు. వంట కుండ మీద పేరు ఎవరు గీస్తారు? కుండ వాడుకునేవాళ్ళో, చేసినవాళ్ళో. అంటే ఆ ఊళ్ళో చదువు రాజుగారి కొలువు దాటి వంటింటి దాకా వచ్చింది. నా దృష్టిలో కీళడిలో అన్నిటికంటే పెద్ద విశేషం అదే. దానికి ఏ ల్యాబ్ రిపోర్టూ అక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

నేను అక్కడుండగా ఒక పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊరే. వాడు బడిలో చదువుకుంటున్న అక్షరాలతో చీటీ పైకి చదివి వినిపిస్తున్నాడు. ఆవిడకి చదువు రాదు. వాడు "ఆదన్" అనగానే "ఎవరి పిల్లాడట?" అని అడిగింది. నాకు తమిళం అంత బాగా రాకపోయినా ఆ ప్రశ్న అర్థమైంది. ఊళ్ళో కొత్త పేరు వింటే మనం అడిగేది అదేగా.

ఇక మా భట్టిప్రోలు.

1892లో అలెగ్జాండర్ రీ అనే దొర భట్టిప్రోలు దిబ్బని తవ్వాడు. లోపల రాతి పెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణె, బంగారు పూలు, బుద్ధుడివిగా భావించే అవశేషాలు దొరికాయి. పెట్టెల అంచుల మీద బ్రాహ్మీ అక్షరాలు, ప్రాకృత భాష. క్రీ.పూ. మూడో శతాబ్దానివనో, కాస్త తర్వాతవనో అంటారు. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళందరూ వాటి పేరు చెప్తారు. తమిళ బ్రాహ్మీతో పోల్చి చూసేవాళ్ళూ వాటినే ముందు పెట్టుకుంటారు. కానీ ఆ రాతలో ఏముందో మనలో ఎంతమందికి తెలుసు? ఒకదాంట్లో ఇలా ఉంది: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు కలిసి ఈ పెట్టె, స్ఫటికపు భరిణె చేయించారని. చూడండి, ఆ తల్లికి తన పేరు లేదు. "కురుని తల్లి". మా వీధిలో ఇప్పటికీ అమ్మని ఎవరూ పేరు పెట్టి పిలవరు, ఫలానా అమ్మాయి వాళ్ళమ్మ అంటారు. అలాగే ఒక సంఘంలోని సభ్యుల పేర్లు వరసగా చెక్కారు, ఇప్పుడు గుడికి చందాలిచ్చిన వాళ్ళ పేర్లు పాలరాతి మీద చెక్కిస్తున్నట్టు. కుబిరకుడనే రాజు పేరు కూడా ఉంది. కీళడి కువిరన్, భట్టిప్రోలు కుబిరకుడు. రెండు పేర్లూ చెవికి ఎంత దగ్గరగా వినిపిస్తున్నాయో! ఇద్దరికీ చుట్టరికం కలపాలని కాదు, మనుషులు పేర్లు పెట్టుకునే తీరు అలా ఉందని.

ఆ పెట్టెలు భట్టిప్రోలులో లేవు. చెన్నైలో, ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి శిల్పాల్లో ఒక పెద్ద భాగమూ అక్కడే ఉంది, ఇంకో భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో. నేను చెన్నైలో ఉంటాను కాబట్టి చూడగలిగాను. ముప్పై ఏళ్ళ పాటు ఆ దిబ్బకి కూతవేటు దూరంలో చరిత్ర చెప్పిన మా నాన్న, రిటైరయ్యాక నా దగ్గరికి వచ్చినప్పుడు, మొదటిసారి వాటిని చూశారు. అన్నేళ్ళూ పుస్తకంలో రెండు లైన్లు చదివి, పిల్లలకి చెప్పి, పరీక్షలో మార్కులు వేశారు.

అదే రీ 1899లో మొదలుపెట్టి తమిళనాడులోని ఆదిచ్చనల్లూరు కూడా తవ్వాడు. అక్కడ దొరికినవీ చాలా భాగం చెన్నైకే చేరాయి. అంతకుముందు 1876లో జాగోర్ అనే జర్మన్ తవ్వినవి బెర్లిన్ వెళ్ళాయి. అంటే ఈ బాధ మన ఒక్కళ్ళదే కాదు, వాళ్ళదీ. తేడా ఏమిటంటే, కీళడి విషయంలో వాళ్ళు ఈసారి ఊరుకోలేదు. తవ్వినవి మైసూరుకి తరలిస్తారన్న మాట వచ్చినప్పుడు హైకోర్టు దాకా వెళ్ళారు. చివరికి ఊళ్ళోనే మ్యూజియం కట్టుకున్నారు.

వస్తువు వెళ్ళిపోతే ఊరికి ఏమవుతుందో భట్టిప్రోలు చూస్తే తెలుస్తుంది. స్తూపం ఇటుకలు, పాలరాళ్ళు ఒకప్పుడు రోడ్లకి, కాలువ పనులకి వాడేశారు. ఇక ఊళ్ళో ఆ దిబ్బకి ఉన్న పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. లంజదిబ్బ. పాత రికార్డుల్లోకీ ఆ పేరే ఎక్కింది. మా వైపు ఇంకొన్ని బౌద్ధ దిబ్బలకీ అదే పేరు. కురుని తల్లి తన కొడుకుతో కలిసి భరిణె చేయించి పెట్టిన చోటుకి ఆ పేరు! ఊరివాళ్ళని నేను తప్పు పట్టను. అక్కడ ఏముందో వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు, చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు దిబ్బ చుట్టూ కంచె ఉంది, పచ్చిక ఉంది, బోర్డు ఉంది. పండగ రోజుల్లో పిల్లలు వచ్చి ఫోటోలు దిగి వెళ్తారు. కురుని తల్లి మాట మాత్రం ఎవరి నోటా రాదు.

మా తమ్ముడు దీనికి ఒప్పుకోడు. "ఊళ్ళల్లో పెడితే దొంగలెత్తుకెళ్తారు, లేదా బూజు పడతాయి. పెద్ద మ్యూజియంలో భద్రంగా ఉన్నాయిగా, సంతోషించు" అంటాడు. వాడి మాటలో నిజం ఉంది. చిన్న ఊళ్ళో మ్యూజియం కట్టి, రిబ్బన్ కత్తిరించి, తర్వాత బల్బు కూడా మార్చకుండా వదిలేయడం మనకి కొత్త కాదు. స్ఫటికపు భరిణెని రేపే లారీలో ఎక్కించి తెచ్చేయమని నేనూ అనను. కానీ మనకి చేతకాని పనేమీ కాదిది. నాగార్జునకొండలో ఆనకట్ట నీళ్ళు లోయని ముంచేసేలోపు, 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి పైకి చేర్చి అక్కడే మ్యూజియం పెట్టారు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లోనూ తవ్విన చోటే మ్యూజియం ఉంది. అంత పని చేసినవాళ్ళం, భట్టిప్రోలులో ఒక్క గది కట్టలేమా? అసలు రాకపోతే నకలు పెట్టండి. అక్షరాలని పెద్దవి చేసి గోడ మీద రాయండి, కింద తెలుగులో అర్థం రాయండి. దానికి పద్దెనిమిది కోట్లు అక్కర్లేదు.

ఇంకొకళ్ళు అంటారు, కీళడి మ్యూజియం వెనక రాజకీయం ఉందని. ఉంది. "మేమే ముందు" అన్న గర్వం లేకపోతే ఆ డబ్బు వచ్చేది కాదని నేనూ నమ్ముతాను. మ్యూజియంలోనూ కొన్ని చోట్ల ఆ గొంతు పెద్దగానే వినిపిస్తుంది. కానీ ఆ గర్వం చివరికి ఒక కప్పు కింద చేరి, ఆ ముసలమ్మకి ఆదన్‌ని పరిచయం చేసింది. మన గర్వం వాట్సాప్‌లో నలభై మెసేజీల దగ్గరే ఆగిపోయింది. ఆ నలభైలో కురుని తల్లి గురించి ఒక్కటి లేదు, నేను వెతికి చూశాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో మామగారు నాన్నని అడిగారు, "మీ భట్టిప్రోలు వస్తే ఏం చూపిస్తారు బావగారూ?" అని. నాన్న కాసేపు మాట్లాడలేదు. "దిబ్బ చూపిస్తాను. మిగతాది చెప్తాను" అన్నారు.

ఊరెళ్ళాక నాన్న ఒక అర్జీ రాయడం మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి నాకు చదివి వినిపిస్తున్నారు, అక్షరదోషాలు చూడమని. దిబ్బ పక్కన ఒక్క గది కావాలని, అందులో పెట్టెల నకళ్ళు, రాతల అచ్చులు, తెలుగు అర్థాలు ఉండాలని. ప్రతి ఆదివారం తను వచ్చి పిల్లలకి చెప్తానని, జీతం అక్కర్లేదని. గదిలో ఎక్కడ ఏది పెట్టాలో వరసగా రాశారు. స్ఫటికపు భరిణె నకలు మూడోదట. రెండోది కురుని తల్లి ప్రస్తావన ఉన్న రాత. గుమ్మం దాటగానే కనిపించే మొదటి అద్దాల పెట్టెలో మాత్రం ఆ ఊళ్ళో ఎవరింట్లోదైనా సరే, పేరు కొట్టించిన పాత స్టీలు చెంబు ఒకటి పెట్టాలని రాశారు.